ఆర్చి ఫ్రేము: ఒకే పలకలోంచి కొయ్యకండి

పైభాగం గుండ్రంగా తిరిగిన ఫొటో ఫ్రేము చెయ్యాలనుకున్నవాళ్లకు మొదట తట్టేది ఒకటే: వెడల్పాటి పలక తెచ్చి, దాని మీద ఆర్చి గీసి, జిగ్‌సాతో చుట్టూ కోసెయ్యడం. కోత అయ్యాక చూస్తే ఏ లోపమూ కనపడదు. పాలిష్ కూడా బాగానే పడుతుంది. కొన్నాళ్లకు అద్దం తుడుద్దామని గోడ మీద నుంచి దించుతుంటే ఆర్చి చిటుక్కుమంటుంది. కట్టెలు చీల్చినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. నిలువునా ఒక్క దెబ్బకు చీలే మొద్దు, అడ్డంగా పది దెబ్బలు వేసినా తెగదు. చెక్క బలమంతా నార వెంట ఉంటుంది. పలకలో నార నిలువుగా ఉంటే ఆర్చి నెత్తిన అది ఫ్రేముకు అడ్డం పడుతుంది. పలకను అడ్డం తిప్పి కోస్తే అదే జబ్బు ఆర్చి నిలువులతో కలిసే భుజాల దగ్గరికి మారుతుంది, పోదు.

ఉదయగిరి చెక్క గరిటెను చేతిలోకి తీసుకుని చూడండి. కాడ ఎంత సన్నగా ఉన్నా నార దాని పొడవునే సాగుతుంది. అడ్డంగా ఉంటే పులుసు కలిపేలోపే రెండు ముక్కలయ్యేది. ఫ్రేముకూ అదే లెక్క. వంపు ఎటు తిరిగితే నార కూడా వీలైనంత అటే తిరగాలి. చెక్కను ఆవిరి పెట్టి వంచొచ్చు గానీ కలప డిపోలో దొరికే ఎండిన టేకు దానికి లొంగదు. సన్నని బద్దలు పొరలు పొరలుగా జిగురు పెట్టి అచ్చు చుట్టూ వంచితే ఆర్చి అందంగా వస్తుంది. కానీ 2 మి.మీ. బద్ద కోయడానికి రంపం ఇంచుమించు ఇంకో 2 మి.మీ. పొట్టు చేస్తుంది, అచ్చు లోంచి తియ్యగానే వంపు కొంచెం విచ్చుకుంటుంది కూడా. ఇంటి పనిముట్లతో నమ్మకంగా వచ్చేది పొట్టి ముక్కలు కలిపే పద్ధతి. అది కూడా ఒకే వరస కాకుండా, గోడలో ఇటుకలు పేర్చినట్టు రెండు పొరల్లో, ఒక పొర అతుకు మీద రెండో పొర నిండు చెక్క వచ్చేట్టు.

రెండు పొరల వల్ల బలం ఒక్కటే కాదు, ఇంకో లాభం ఉంది. ఫ్రేము వెనక అద్దం కూర్చునే మెట్టును వడ్రంగులు రిబేటు అంటారు. వంపులో రిబేటు కొట్టాలంటే మామూలుగా రౌటర్, అంటే గాడి కొట్టే మిషన్, కావాలి. ఇక్కడ వెనక పొరను లోపలివైపు 7 మి.మీ. తక్కువ వెడల్పుతో చేస్తే చాలు, రిబేటు దానంతట అదే ఏర్పడుతుంది.

లెక్కకు 12 × 18 అంగుళాల ఫొటో తీసుకుందాం. స్టూడియోల్లో మామూలుగా వేసే సైజే. వెడల్పు 12 కాబట్టి పైన 6 అంగుళాల వ్యాసార్ధంతో అర్ధచంద్రం, కింద 12 అంగుళాల చదరం. ఇక్కడి నుంచి అంతా మిల్లీమీటర్లే. తలుపులకూ కిటికీలకూ నూళ్ల (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) లెక్క సరిపోతుంది గానీ, వంపు దగ్గర అర నూలు తేడా కూడా కంటికి కొడుతుంది.

ఫొటో 305 × 457. అద్దం ఇరుక్కోకుండా చుట్టూ కొంచెం వదులిస్తే రిబేటు కొలత 308 × 460, దాని ఆర్చి వ్యాసార్ధం 154. ముందు నుంచి కనపడే లోపలి అంచు వ్యాసార్ధం 147. ఫ్రేము ముఖం వెడల్పు 38 అనుకుంటే బయటి అంచు 185. గుర్తుంచుకోవాల్సిన మూడు అంకెలు ఇవే: 147, 154, 185. మొత్తం ఫ్రేము 370 వెడల్పు, 522 ఎత్తు వస్తుంది. ముందు పొర మందం 10, వెనక పొర 12.

ఆర్చికి ముందు పొరలో మూడు ముక్కలు, ఒక్కోటి 60 డిగ్రీలు. నాలుగు ముక్కలు చేస్తే పలక వెడల్పు తక్కువ పడుతుంది గానీ సరిగ్గా నెత్తిన అతుకు వస్తుంది, చూసేవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది. ముక్కలు ఎప్పుడూ బేసి సంఖ్యలో ఉంటే నెత్తిన నిండు చెక్క ఉంటుంది. మూడు ముక్కల లెక్కకు పలక వెడల్పు కనీసం 58 కావాలి. 63 మి.మీ., అంటే రెండున్నర అంగుళాల బద్ద తీసుకుంటే చేతి తప్పుకు కాస్త చోటుంటుంది.

వెనక పొరలో అతుకులు ముందు పొర అతుకుల మధ్యకు రావాలి. దీనికి వెనక నిలువు చెక్కలను భుజం దగ్గర ఆపకుండా ఆర్చిలోకి 30 డిగ్రీల దాకా ఎక్కనివ్వాలి. ఆ పైన మిగిలిన చోట 60 డిగ్రీల ముక్కలు రెండు. ఈ ఏర్పాటులో ఉన్న కిటుకంతా నిలువు చెక్క ఎక్కడంలోనే ఉంది. ఆర్చి నిలువుతో కలిసే భుజమే అన్నిటికంటే బలహీనమైన చోటు. అక్కడ ముందు పొరలో అతుకు ఉంటే, వెనక నుంచి నిలువునా నార సాగే ఒకే చెక్క దాన్ని పట్టుకుని ఉంటుంది.

కింది మూలల్లో కూడా ఇదే తిరకాసు. ముందు పొరలో నిలువులు కింది దాకా దిగుతాయి, అడ్డ చెక్క వాటి మధ్య 294 పొడవున కూర్చుంటుంది. వెనక పొరలో అడ్డ చెక్క 370 పొడవున పూర్తిగా పరుచుకుంటుంది, నిలువులు దాని మీద నిలబడతాయి. ఉలి పెట్టకుండానే సగం-సగం అతుకు తయారైపోతుంది.

కోతల పట్టిక మాటల్లో చెప్పేస్తాను. ముందు పొరకు 10 మందంలో ఆర్చి ముక్కలు 3, నిలువులు 337 పొడవు, 40 వెడల్పున 2, అదే వెడల్పున అడ్డ చెక్క 294 పొడవుది ఒకటి. వెనక పొరకు 12 మందంలో ఆర్చి ముక్కలు 2, నిలువులు 63 వెడల్పున 420 పొడవువి 2, అడ్డ చెక్క 31 వెడల్పున 370 ఒకటి. ఒక్కో పొరకు రెండున్నర అంగుళాల బద్ద 6 అడుగులు తెచ్చుకుంటే సరిపోతుంది. మందం డిపోలోనే మిషన్ మీద పట్టించుకోండి. పొడవు బద్దగా ఉన్నప్పుడే పట్టించాలి. ముక్కలు కోసుకుని పట్టుకెళ్తే ఆ పొట్టి ముక్కలను మిషన్ వెనక్కి విసిరేస్తుంది, అందుకే ఏ మిషనువాడూ ఒప్పుకోడు.

కొయ్య సంగతి. పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికే టేకు తలుపు చెక్కలకు మించింది లేదు, అవి ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి. అయస్కాంతంతో ఒకసారి తడిమి చూసుకోండి, లోపల విరిగిన మేకు ఉంటే రంపం పళ్లు పోతాయి. వేప పర్వాలేదు గానీ నార అటూ ఇటూ తిరిగి ఉంటుంది, చిత్రిక పడితే అక్కడక్కడా లేస్తుంది. ప్రకాశం జిల్లాలో ఎటు చూసినా కనపడే జామాయిల్ చవగ్గా వస్తుందని ఫ్రేముకు వాడొద్దు, ఆరేటప్పుడు మెలిక తిరుగుతుంది, పగుళ్లిస్తుంది. సరుగుడు గుంజలకే మంచిది.

ఏ కొయ్య అయినా ఆరి ఉండటం ముఖ్యం. నెల్లూరు, కావలి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో డిపోలో ఉన్న చెక్క నీళ్లు పీల్చుకుని ఉంటుంది. అప్పుడు చేసిన ఫ్రేము ఏప్రిల్, మే ఎండలకు వెడల్పులో కుంచించుకుపోతుంది, పొడవులో మాత్రం కదలదు. దాంతో ఏటవాలు కోత కోణం మారి అతుకులు లోపలి అంచు వైపు నోరు తెరుస్తాయి. తేమ కొలిచే పరికరం లేకపోతే ఒక ముక్కను వంటింటి కాటా మీద రోజు విడిచి రోజు తూచండి. బరువు తగ్గడం ఆగిపోయిన రోజున చెక్క మీ ఇంటి గాలికి అలవాటు పడినట్టు.

ఇక గీత. 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క మీద ఫ్రేము మొత్తం నిజమైన కొలతతో గియ్యాలి. ఒక సన్నని బద్దకు చివర మేకు కొట్టి, దాని నుంచి 147, 154, 185 దూరాల్లో పెన్సిల్ మొన పట్టే కన్నాలు మూడు పెడితే అదే పెద్ద కంపాసు. డిగ్రీలు కొలిచే పనే లేదు. బళ్లో కంపాసుతో ఆరు రేకుల పువ్వు గీసినట్టే, 185 తెరిచిన కంపాసుతో బయటి వంపు మీద భుజం నుంచి అడుగులు వేసుకుంటూ పోతే మూడో అడుగు రెండో భుజం మీద పడుతుంది. ఆ గుర్తుల నుంచి కేంద్రానికి గీతలు గీస్తే ముందు పొర అతుకులు. వాటి మధ్యకు గీస్తే వెనక పొరవి. గీత అయ్యాక దాని మీద ప్యాకింగ్ టేపు అంటించండి. లేకపోతే ఫ్రేము ప్లైవుడ్‌కు అంటుకుపోతుంది.

ఆర్చి ముక్కలు ఐదూ ఒకే ఆకారం: పొడవు అంచు 216, రెండు చివర్లా 30 డిగ్రీల ఏటవాలు కోత. వెనక నిలువుల పైకోత కూడా 30 డిగ్రీలే. అంటే పనంతటికీ ఒకే కోణం. రంపాన్ని కోణం తప్పకుండా నడిపే ప్లాస్టిక్ పెట్టెలు, మైటర్ బాక్సులు, బజార్లో దొరుకుతాయి. వాటిలో 45, 90 తప్పక ఉంటాయి గానీ 30 అన్నిట్లో ఉండదు. మూడు చెక్క ముక్కలతో మీరే పెట్టె కట్టుకోండి. 100 మి.మీ. అడ్డానికి 57.7 మి.మీ. పక్కకు జరిగే గీత గీస్తే అది 30 డిగ్రీలు. బద్దను ఒక్కో కోతకూ తిప్పుకుంటూ కోస్తే ఏటవాలు ముక్క వృథా పోదు.

అందరికీ తప్పేది ఇక్కడే. ఒక్కో కోతలో అర డిగ్రీ తేడా ఏమంత లెక్కలే అనిపిస్తుంది. కానీ రెండు ముక్కలు కలిసే చోట అది ఒక డిగ్రీ అవుతుంది, 60 మి.మీ. వెడల్పులో ఒక మిల్లీమీటరు సందు. దాన్ని క్లాంపు బిగించి మూయాలని చూస్తే సందు మూసుకుంటుంది, దానికి బదులు ఆర్చి భుజాలు దగ్గరికో దూరానికో జరుగుతాయి. నిలువులు కలపబోయేసరికి ఆ సంగతి బయటపడుతుంది. రంపంతో మళ్లీ కోసి సరిచేయబోతే ముక్క పొట్టిదవుతుంది. అందుకని అర మిల్లీమీటరు ఎక్కువ ఉంచి కోసి, 80 నంబరు గరుకు కాగితం అంటించిన చదునైన చెక్క మీద, ముక్కను మూలమట్టానికి ఆనించి చివర రుద్దుకోవాలి. నాలుగు రుద్దులు, గీత మీద పెట్టి చూడటం, మళ్లీ రెండు రుద్దులు. మూడు ముక్కలూ గీతల మీద వెలుతురు కనపడకుండా కూర్చునేదాకా జిగురు సీసా మూత తియ్యొద్దు.

జిగురు పెట్టేముందు వెనక పొర ముక్కల లోపలి అంచు, 154 వంపు, పూర్తిగా కోసి నునుపు చేసుకోవాలి. రెండు పొరలూ అతుక్కున్నాక ఆ మూలలోకి ఆకురాయి దూరదు. నిలువుల లోపలి అంచూ అంతే. మిగతా రెండు వంపులు, 147, 185, ఇప్పుడు ముట్టుకోవద్దు.

ముందు పొరను ముఖం కిందికి పెట్టి గీత మీద పేర్చండి, చివరలకు జిగురు రాయండి. ముక్క చివర కోసిన ముఖంలో నార గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి, జిగురును తాగేస్తాయి. ఒకసారి పల్చగా రాసి, రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ రాస్తే నిలుస్తుంది. టేకైతే ముందు గుడ్డను స్పిరిట్‌లో ముంచి అతుకు ముఖాలు తుడవాలి, పైకి తేలిన నూనె జిగురును పట్టనివ్వదు. తీరం దగ్గర ఇళ్లకు మామూలు ఫెవికాల్ కంటే ఫెవికాల్ మెరైన్ మేలు. ముందు పొర ఆరాక దాని వెనక వెనక పొరను అతికించాలి. ఇక్కడ క్లాంపులు చేతి వెడల్పుకు ఒకటి చొప్పున కావాలి, అన్ని అందరి ఇళ్లలో ఉండవు. లేకపోతే వెనక నుంచి 19 మి.మీ. స్క్రూలు బిగించండి. మొత్తం మందం 22 కాబట్టి మొన ముందుకు పొడుచుకురాదు. వెనక పొరలో స్క్రూ ఒదులుగా జారేంత, 4 మి.మీ. కన్నం పెట్టాలి. మర రెండు చెక్కల్లోనూ పట్టుకుంటే ఎంత తిప్పినా మధ్యలో సందు అలాగే ఉండిపోతుంది. ఇంకో సంగతి, స్క్రూలు బయటి అంచు నుంచి కనీసం 10 మి.మీ. లోపల ఉండాలి, తర్వాత రంపం అటే వస్తుంది.

రిబేటు మూలలోకి కారిన జిగురును వెంటనే తుడిస్తే చెక్కంతా పులుముకుంటుంది. అరగంట ఆగితే రబ్బరులా అవుతుంది, అప్పుడు ఉలితో గీస్తే తీగలా లేచి వస్తుంది. తర్వాత రాత్రంతా కదపకూడదు.

మర్నాడు బద్ద కంపాసుతోనే వంపులు మళ్లీ గీసుకుని జిగ్‌సా పట్టండి. వంపు కోతకు సన్నని బ్లేడు కావాలి. బ్లేడును ముందుకూ వెనక్కూ ఊపే మీటను సున్నాలో పెట్టాలి. గీతకు 2 మి.మీ. అవతల కోయాలి, ఎందుకంటే 22 మి.మీ. మందంలో బ్లేడు అడుగు భాగం పక్కకు వంగుతుంది, పైన గీత మీద ఉన్నా కింద లోపలికి తినేసి ఉండొచ్చు. నెట్టే కొద్దీ ఎక్కువ వంగుతుంది. ముఖానికి గీతలు పడకుండా జిగ్‌సా అడుగు పట్టీకి టేపు వేసుకోండి.

నునుపు చెయ్యడానికి బేరింగ్ బిట్టుతో ట్రిమ్మర్ (చిన్న రౌటర్) ఉంటే, 9 మి.మీ. ఎండీఎఫ్‌తో అచ్చు చేసుకుని దాని వెంట తిప్పొచ్చు. అది లేకపోయినా నష్టం లేదు. లోపలి వంపు కోసినప్పుడు ఊడిపడిన ముక్కలు పారేయకండి, వాటి వంపు ఇంచుమించు మనకు కావలసిన 147 వంపే. దానికి 80 నంబరు కాగితం అంటిస్తే అచ్చు గుద్దినట్టు సరిపోయే రుద్దుడు చెక్క తయారు. చిత్రికైనా, ఆకురాయైనా, ట్రిమ్మరైనా నార వాలు చూసుకునే నడవాలి. బయటి వంపులో ఒక్కో ముక్క నడుమ నుంచి చివరలకు, లోపలి వంపులో చివరల నుంచి నడుముకు. ఎదురు తిరిగితే అతుకు పక్కన పెచ్చు లేస్తుంది. 80 తర్వాత 120, 180. అతుకుల దగ్గర నార కొసలు పైకి తేలి ఉంటాయి కాబట్టి అక్కడ మాత్రం 240 దాకా వెళ్లండి, లేకపోతే పాలిష్ తాగి అతుకు పక్కన నల్ల మచ్చ పడుతుంది. లక్క పాలిష్ వేస్తే వాన రోజున వెయ్యొద్దు, తెల్లగా పొగ కమ్మినట్టవుతుంది. రిబేటు లోపలా, వెనక వైపూ కూడా ఒక పూత పడాలి.

వెనక అట్టకు 3 మి.మీ. ఎండీఎఫ్ చాలు. లెక్క ప్రకారం కాకుండా, చేసిన ఫ్రేము రిబేటును దాని మీద పెట్టి గీసుకుని, గీతకు 1.5 మి.మీ. లోపలగా కోయండి. అద్దం షాపుకు కాగితం కాకుండా ఈ అట్టనే పట్టుకెళ్లి, దీని ప్రకారం 2 మి.మీ. అద్దం కోయమనండి. పాత మార్కాపురం పలకల్లో పలక తన చట్రంలో కాస్త కదిలేట్టు ఉండేది. ఆ మాత్రం వదులు అద్దానికీ ఉండాలి. బిగుతుగా కూర్చున్న అద్దం చెక్క ఉబ్బిన రోజున మూలన చిట్లుతుంది. వంపు అద్దం కోసేవాళ్లు దొరక్కపోతే 2 మి.మీ. యాక్రిలిక్ తెచ్చి, పైన కాగితం తియ్యకుండా జిగ్‌సాతో నిదానంగా కోసుకోవచ్చు.

అద్దానికీ ఫొటోకూ మధ్య చుట్టూ 2 మి.మీ. మందం, 5 మి.మీ. వెడల్పున్న బద్దో, ప్లాస్టిక్ పట్టీయో పెట్టండి. ముందు పొర అంచు కింద దాక్కుంటుంది, బయటికి కనపడదు. అది లేకపోతే మన గాలి తేమకు ఫొటో అద్దానికి అంటుకుంటుంది, తర్వాత ఊడదీస్తే మొహాల రంగు అద్దంతోపాటే వచ్చేస్తుంది. అద్దం 2, పట్టీ 2, ఫొటో, అట్ట 3 కలిపితే 7 పైచిలుకు. రిబేటు లోతు 12 కాబట్టి చిన్న పిన్నులకు ఇంకా 4 మి.మీ. చోటుంది. పిన్నులను సుత్తితో కొట్టొద్దు, పటకారుతో ఫ్రేము బయటి అంచును, పిన్నును కలిపి నొక్కితే దిగుతాయి. పటకారు నోటికి గుడ్డ చుట్టుకోండి.

తగిలించే కొక్కెం ఆర్చి నెత్తిన పెట్టడం చాలామంది అలవాటు. ఈ ఫ్రేములో వెనక పొర అతుకు సరిగ్గా అక్కడే ఉంది. స్క్రూ దిగితే అతుకు విచ్చుకుంటుంది. రెండు నిలువుల మీద, భుజానికి నాలుగు వేళ్ల కిందగా, చెరో రింగు 15 మి.మీ. స్క్రూలతో బిగించి తీగ కట్టండి. తీగ బిర్రుగా లాగొద్దు, గోడ మేకు మీద పెట్టినప్పుడు ఆర్చి వెనక దాగేంత వదులు చాలు.